మొదటి రేసుకు ముందు

విశాఖపట్నం

చిరంజీవులు చిన్నికీ, పండుకీ తాతయ్య దీవెనలు.

వచ్చే నెల మీరిద్దరూ ఆప్టిమిస్ట్ పడవల మీద మొదటిసారి రేసుకు దిగుతున్నారని మీ అమ్మ చెప్పింది. సంతోషంతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతారని రాస్తున్నాను.

మీ పడవ పొడవు 2.36 మీటర్లు, మన వరండాలో మంచం కన్నా కాస్త ఎక్కువ. బరువు 35 కిలోలు. 1947లో ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన పిల్లల కోసమే దీన్ని గీశాడు. చిన్నదే అయినా చుక్కాని పట్టేది మీరే, తెరచాప తాడు లాగేది మీరే, పడవ ఒరిగితే ఒంటి బరువుతో ఆపేదీ మీరే. చేతులకు అంత పని ఉండేసరికి కళ్లు కూడా పడవలోనే ఉండిపోతాయి. కొత్తవాళ్లు వెనకబడేది అక్కడే. మీ చూపు నీటి మీద ఉండాలి.

నా చిన్నప్పుడు జాలరిపేటలో తెప్ప నీళ్లలోకి తోసే ముందు పెద్దవాళ్లు కాసేపు ఏమీ చేయకుండా ఒడ్డున నిలబడేవారు. గాలిని చూస్తున్నారని నాకు చాలాకాలం తెలియలేదు. మీరూ అలాగే ఒక పది నిమిషాలు నిలబడండి. మన దగ్గర తెల్లవారుజామున గాలి నేల మీంచి సముద్రంలోకి పోతుంది. ఎండెక్కి నేల వేడెక్కాక సముద్రం మీంచి ఒడ్డుకు తిరుగుతుంది. ఈ మార్పు మధ్యలో కాసేపు గాలే ఉండదు. డాల్ఫిన్స్ నోస్ లాంటి కొండ చాటుకు వెళ్తే గాలి ముక్కలై, ఒక్కోసారి ఒక్కో వైపు నుంచి తగులుతుంది.

గాలి కంటికి కనిపిస్తుంది. దూరంగా నీళ్లు నున్నగా మెరుస్తుంటే అక్కడ గాలి తక్కువ. ఒకచోట నీళ్లు నల్లబడి, గరుగ్గా, సన్నటి ముడతలతో మీ వైపు వస్తుంటే అది గాలి విసురు. అది చేరేలోపే పడవ లోపల పాదాలకోసం ఉండే పట్టీ కింద పాదాలు దూర్చి, నడుము పడవ అంచు దాటించి వెనక్కి వాలండి. తగలగానే తాడు ఒక జానెడు వదలండి. పడవ నిటారుగా ఉంటేనే ముందుకు దూకుతుంది, ఒరిగితే పక్కకు జారుతుంది. విసురు సర్దుకున్నాక తాడు మళ్లీ లాగండి.

ఆ తాడును ఎప్పుడూ చేతికి చుట్టుకోకండి. నా మొదటి రేసులో అరచేయి మండుతోందని రెండు చుట్లు చుట్టాను. విసురు వచ్చింది, వదలాలనుకున్నాను, తాడు ఊడలేదు. పడవ బోల్తా పడింది. నీళ్లలో కూడా చేయి ఇంకా తాడుకే ఉంది. మణికట్టు మీద ఆ గీత మీరు చూశారుగా.

పడవ తిరగబడితే మాత్రం టెన్షన్ పడొద్దు. తాడు వదిలేసి, అడుగు వైపుకు ఈదుకెళ్లి, పొడుచుకొచ్చిన డాగర్‌బోర్డు, అంటే పడవ మధ్యలోంచి కిందకు దిగే పలక, పట్టుకుని మీ బరువంతా వేసి వేలాడండి. నెమ్మదిగా లేస్తుంది. లోపలికెక్కి నీళ్లు తోడేయండి. పడవను వదిలి ఒడ్డుకు ఈదొద్దు. లైఫ్ జాకెట్ బకిల్స్ అన్నీ పెట్టుకున్నాకే నీళ్లలో కాలు పెట్టాలి.

ఇక స్టార్ట్. మామూలుగా 5 నిమిషాల ముందు ఒక జెండా లేస్తుంది, 4 నిమిషాలప్పుడు ఇంకొకటి. 1 నిమిషం ఉందనగా ఆ రెండోది దిగుతుంది. సున్నా దగ్గర మొదటిదీ దిగితే బయల్దేరాలి. చప్పుడు కోసం చూడొద్దు, జెండానే చూడండి, చప్పుడు ఆలస్యంగా రావచ్చు. అందరూ రేసు నడిపేవాళ్లుండే కమిటీ పడవ పక్కకే ఎగబడతారు. మీరు అక్కడికి పోకండి. ముందున్న పడవల తెరచాపలు మీ గాలి మింగేస్తాయి. కమిటీ పడవకూ అవతలి చివరి జెండాకూ మధ్య ఊహించుకునేదే స్టార్ట్ గీత. దాని మధ్యలో, గాలి పోయే వైపున కాస్త ఖాళీ నీళ్లు ఉండేలా చోటు చూసుకోండి. చివరి పది సెకన్లలో ఆ ఖాళీలోకి తిరిగి వేగం అందుకోవచ్చు. గీత ఎక్కడుందో తెలియకపోతే ముందే గీత చివర నిలబడి, అవతలి చివరి జెండా వెనక ఒడ్డు మీద ఏ భవనం కనిపిస్తోందో గుర్తుపెట్టుకోండి. ఆ రెండూ కలిశాయంటే మీరు గీత మీదే ఉన్నట్టు.

దీనికి ఒక సాధన చెబుతాను, ఇదొక్కటి రోజూ చేయండి. ఖాళీ నూనె డబ్బాకు రాయి కట్టి నీళ్లలో వదలండి. దాని పక్కన తెరచాప వదులు చేసి, పడవను ఒక నిమిషం ఆపి ఉంచండి. ఆ తర్వాత తాడు లాగి ఎన్ని సెకన్లలో పరుగందుకుందో లెక్కపెట్టండి. పడవను ఆపడం వచ్చినవాళ్లకే స్టార్ట్ వస్తుంది.

నియమాలు చాలా ఉన్నాయి గానీ ముందు ఇవి చాలు. అణియం, అంటే పడవ ముందు కొస, వైపు చూసినప్పుడు గాలి కుడి నుంచి వస్తుంటే మీరు స్టార్‌బోర్డ్ టాక్, ఎడమ నుంచి అయితే పోర్ట్. పోర్ట్ వాళ్లు తప్పుకోవాలి. ఇద్దరూ ఒకే టాక్ మీద పక్కపక్కన ఉంటే గాలి ముందు తగిలే పడవ తప్పుకోవాలి. తప్పు మీదైతే వెంటనే పక్కకెళ్లి రెండు చుట్లు తిరగండి, మలుపు గుర్తుగా నీళ్లలో తేలే బోయాకు తగిలితే ఒక చుట్టు. ఎవరూ చూడలేదనుకున్నా సరే తిరగండి. పక్క పిల్లవాడు ప్రమాదంలో ఉంటే రేసు వదిలి వెళ్లండి. నియమాల పుస్తకంలో మొట్టమొదటి నియమం అదే.

చిన్నీ, అబ్బాయిలు బలంగా ఉంటారని దిగులుపడ్డావట. చెన్నై అమ్మాయి నేత్ర కుమనన్ ఇలాగే ఒక్కరే నడిపే పడవ మీద టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్లింది. సెయిలింగ్‌లో ఒలింపిక్స్‌కు అర్హత సాధించిన మొదటి భారత మహిళ ఆమే. మీదీ ఆ బంగాళాఖాతమే.

పండూ, నీ వాచీకి కొత్త బ్యాటరీ వేయించాను. ఆదివారం ఉదయం ఆరింటికల్లా బీచ్‌కు రండి, డబ్బా, తాడు నేను తెస్తాను.

మీ తాతయ్య