డయాలసిస్‌లో ఉన్నవాళ్లు వాచీ బీపీని నమ్మొచ్చా? అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో డయాలసిస్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. కాశీనగరం, గుణుపురం వైపు నుంచి వచ్చే మన తెలుగువాళ్ల చేతులకు ఈమధ్య బీపీ చూపించే వాచీలు కనిపిస్తున్నాయి. వైజాగ్‌లో ఉద్యోగం చేసే పిల్లలు ప్రేమగా కొనిచ్చినవి.

అపోహ: వాచీలో బాగుంటే బీపీ బాగున్నట్టే.

ఒక తాతగారి వాచీలో 124 ఉంది. జబ్బకు పట్టీ కట్టి చూస్తే 172. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూశాను, 168. "వాచీలో బాగుందని రెండు రోజులుగా మాత్ర వేసుకోలేదు బాబూ" అన్నారు. నాకు కాళ్లు చల్లబడ్డాయి.

గాలిపట్టీ లేని వాచీ రక్తనాళాన్ని నొక్కి చూడదు. చర్మం మీద వెలుగు వేసి, నాడి కదలికను బట్టి లెక్కగడుతుంది. కిడ్నీ జబ్బులో రక్తనాళాలు గట్టిపడతాయి, ఒంట్లో నీరు పూటపూటకీ మారుతుంది. ఆ లెక్క తప్పడానికి ఇవి చాలు. పట్టీ లేని పరికరాలతో బీపీ వైద్యం చెయ్యొద్దని యూరప్ బీపీ నిపుణుల సంఘం 2023లోనే చెప్పింది.

అపోహ: ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి వాచీ వదులుగా పెట్టుకోవచ్చు.

వద్దు. ఆ చేతికి వాచీ, బిగుతు గాజు, బీపీ పట్టీ ఏదీ వద్దు. నొక్కుడు పడితే రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోవచ్చు. రోజూ పొద్దున్నే వేళ్లు ఆనించి చూడండి. జుయ్యిమనే అదురు తెలియకపోతే ఆ రోజే రండి.

అపోహ: సెంటర్లో చూస్తారుగా, ఇంట్లో ఎందుకు?

మేం చూసేది నీరు నిండి వచ్చినప్పుడు, తీసేశాక. మధ్యలో రెండు మూడు రోజులు మాకు కనబడవు. అసలు సంగతంతా అక్కడే ఉంది. ఎండలకి ఉప్పేసిన పఖాళ (నీళ్లలో నానేసిన చద్దన్నం) నీళ్లతో సహా తాగేసి, పక్కన ఎండుచేప నంజుకుంటే దాహం ఆగదు, నీరు చేరుతుంది, బీపీ ఎక్కుతుంది. ఇంట్లో రాసిన అంకెలుంటే ఇది డాక్టరుకు తెలుస్తుంది. మాత్ర మార్చాలా, డ్రై వెయిట్ (ఎక్కువ నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు) తగ్గించాలా అన్నది అప్పుడు తేలుతుంది.

జబ్బకు కట్టే మిషన్ కొనండి. ఫిస్టులా లేని చెయ్యి, గుండె ఎత్తులో. వెనక్కి ఆనుకుని, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పొద్దున మాత్రకు ముందు, రాత్రి పడుకోబోయే ముందు, నిమిషం తేడాతో రెండేసి సార్లు చూసి రాయండి.

అపోహ: డయాలసిస్ రోజు బీపీ మాత్రలన్నీ మానెయ్యాలి.

ఎవరికి ఏ మాత్ర ఆపాలో డాక్టరే చెప్పాలి.

ఆ తాతగారు ఇప్పుడు నోట్‌బుక్ తెస్తున్నారు. ఒడియా బడిలో చదివే మనవరాలు అంకెలు ఒడియాలోనే రాస్తుంది. మీ ఇంట్లో పిల్లలు ఏ లిపిలో రాసినా తీసుకురండి, మేం చదువుకుంటాం.