పరిషత్తు నాటకం: మా వాళ్లే నమ్మే కొన్ని అపోహలు

పగలు ఆఫీసు, సాయంత్రం ఏడు దాటితే రిహార్సల్. ఇరవై ఎనిమిదేళ్లుగా నా బతుకు ఇదే. నటుడిగా మొదలుపెట్టి, కొన్నాళ్లు ప్రాంప్టింగ్ చేసి, ఇప్పుడు మా ఊరి నాటక సమాజానికి దర్శకత్వం చేస్తున్నాను. కొత్తగా చేరే కుర్రాళ్లే కాదు, పరిషత్తు వేదికల మీద, అంటే ఊరూరి సమాజాలు పోటీపడి నాటకాలు ఆడే చోట, శాలువాలు కప్పించుకునే వక్తలు కూడా పొట్టకూటికి కాక ఇష్టం కొద్దీ ఆడే మా ఔత్సాహిక నాటకం గురించి కొన్ని మాటలు తప్పుగా చెబుతుంటారు. వాటిలో సగం నేనూ చాలాకాలం నమ్మినవే.

అపోహ: ఔత్సాహిక నాటకం 1929లో ఆంధ్ర నాటక కళా పరిషత్తుతో పుట్టింది.

1929లో తెనాలిలో పుట్టింది పరిషత్తు. నాటకం కాదు. అప్పటికే మన ఔత్సాహిక రంగస్థలానికి దాదాపు యాభై ఏళ్లు.

1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత 'వ్యవహార ధర్మబోధిని' ఆడించారు. కోర్టుల్లో జరిగే అన్యాయాల మీద, ప్లీడర్ల మీద ఎక్కుపెట్టిన నాటకం అది. తమాషా ఏమిటంటే, ఆ తర్వాత యాభై ఏళ్లు మన ఔత్సాహిక నాటకాన్ని భుజాన వేసుకున్న వాళ్లలో ముందు వరసలో కనబడేది ప్లీడర్లే. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలు. అదే ఊళ్లో ఆయనకు దీటుగా నాటకాలు రాసిన కోలాచలం శ్రీనివాసరావు వకీలు. నటుడు బళ్లారి రాఘవ వకీలు. తిట్టించుకున్న వాళ్లే వచ్చి తెర లాగారన్నమాట.

ధర్మవరం వారి సరసవినోదినీ సభ 1891లో మద్రాసు వెళ్లి నాటకాలు వేసింది. అవి చూసి ఉత్సాహపడిన పమ్మల్ సంబంధ మొదలియారు అదే ఏడాది సుగుణ విలాస సభ పెట్టారు. తమిళ ఔత్సాహిక నాటకానికి పెద్ద దిక్కుగా నిలిచిన సభ అది. దాని వెనక బళ్లారి నుంచి వెళ్లిన తెలుగు నాటకం ఉందని మన వాళ్లకే ఎక్కువమందికి తెలియదు. మరుసటి ఏడు, 1892లో, విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ 'కన్యాశుల్కం' ఆడింది. పుస్తకంగా అచ్చయింది 1897లో. అంటే ఆ నాటకం ముందు సభలో ఆడి, ఐదేళ్ల తర్వాత అచ్చుకెక్కింది.

మరి పరిషత్తు చేసిందేమిటి? అప్పటిదాకా ఏ ఊరి సమాజం ఆ ఊరిదే. పక్క జిల్లా వాడు ఏం ఆడుతున్నాడో, తెర వెనక ఏం చేస్తున్నాడో తెలిసే దారి తక్కువ. పది సమాజాలు ఒకచోట చేరి, ఒకరి నాటకం ఇంకొకరు ముందు వరసలో కూర్చుని చూసుకునే అలవాటు పరిషత్తుల వల్ల స్థిరపడింది. నా లెక్కలో ప్రైజుల కన్నా అదే పెద్ద లాభం. నేను లైటింగ్ నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ కాదు, మమ్మల్ని ఓడించిన సమాజాల నాటకాలు చూసి.

అపోహ: పరిషత్తు ఔత్సాహికుల సొంత ఇల్లు, వృత్తి నాటకం వాళ్లకు అందులో చోటు లేదు.

పరిషత్తు పుట్టుకకు పూనుకున్న వాళ్లలో సురభి వనారస గోవిందరావు ముఖ్యులు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ'తో మొదలైన కుటుంబ నాటక సమాజం ఆయనది. ఇంటిల్లిపాదీ నాటకమే తిని, నాటకంలోనే పడుకునే వృత్తి కళాకారులు. ఔత్సాహికుల కోట అని మనం అనుకునే సంస్థకు పునాది రాయి మోసిన వాడు పక్కా వృత్తి నాటకం మనిషి.

ఇప్పటికీ ఆ గీత మనం చెప్పుకునేంత గట్టిది కాదు. మా సమాజాల్లో మగవాళ్లం చాలావరకు జేబులోంచి పెట్టుకుంటాం. నటీమణులకు మాత్రం ప్రదర్శనకింత అని ఇస్తాం. మేకప్ ఆయనకు, సెట్ వేసేవాళ్లకు, మ్యూజిక్ ఆపరేటర్‌కూ అంతే. వాళ్లు సీజన్‌లో ఒకే వారం మూడు సమాజాలకు పనిచేస్తారు. కాబట్టి 'మేం డబ్బు ముట్టని వాళ్లం' అని వేదికెక్కి చెప్పేముందు కొంచెం తగ్గితే మంచిది.

అపోహ: ఔత్సాహికుడంటే సగం నేర్చినవాడు.

ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. బళ్లారి రాఘవ పగలు కోర్టులో వాదించి, నాటకం మీద ప్రేమతో నటించారు. పొట్టకూటికి నాటకం మీద ఆధారపడలేదు. ఆయన్ని సగం నేర్చినవాడు అనే ధైర్యం ఎవరికైనా ఉందా? పి.వి. రాజమన్నారు సంగతి చూడండి. వకీలుగా ఉంటూ 'తప్పెవరిది' రాశారు, రాఘవ దాన్ని ఆడారు. ఆ తర్వాత ఆయన మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఏర్పడితే దానికి తొలి అధ్యక్షుడూ ఆయనే. దేశం మొత్తానికి నాటకం బాగోగులు చూసే సంస్థ మొదటి కుర్చీలో కూర్చున్నది తెలుగు ఔత్సాహిక నాటకంలోంచి వెళ్లిన మనిషి.

అలాగని మా వాళ్లంతా రాఘవలని కాదు. డైలాగు రాకుండా స్టేజీ ఎక్కే మహానుభావులు మా సమాజంలోనే ఇద్దరున్నారు.

అపోహ: ఆ రోజుల్లో ఆడవాళ్లు స్టేజీ ఎక్కేవాళ్లు కాదు, అందుకే మగవాళ్లు ఆడవేషాలు వేశారు.

సురభిలో మొదటి తరాల నుంచీ ఆడవాళ్లే ఆడవేషాలు వేశారు. అంటే దారి ఉంది. మిగతా సమాజాలు ఆ దారిన నడవలేదు, అంతే. మగవాడు ఆడవేషం వేయడం తగదని రాఘవ గట్టిగా చెప్పేవారు, కుటుంబ స్త్రీలను రంగస్థలం మీదికి తీసుకురావడానికి పోరాడారు. కొమ్మూరి పద్మావతీదేవి ఆయన పక్కన నటించింది అలాగే. అదే కాలంలో స్థానం నరసింహారావు ఆడవేషాలతో జనాన్ని కట్టిపడేశారు. 1956లో పద్మశ్రీ కూడా అందుకున్నారు. స్థానం వారి గొప్పతనం కాదనను. కానీ ఆయన ప్రతిభను చూపించి 'అప్పట్లో వేరే గతి లేదు' అనడం మాత్రం చరిత్ర కాదు.

అపోహ: నాటిక అంటే పొట్టి నాటకం. బద్ధకస్తుల కోసం పుట్టింది.

గంట లోపు నాటిక రాయడం రెండు గంటల నాటకం కన్నా కష్టమని రాసినవాణ్ణి అడగండి. దాని రూపం వెనక ఉన్నది బద్ధకం కాదు, గడియారం. పరిషత్తు పోటీల్లో ఒక రాత్రి మూడు నాలుగు ప్రదర్శనలు పడాలి. ఒక సెట్ విప్పి ఇంకొకటి వేయాలి. అందుకే కాలపరిమితి. ఆ పరిమితి వల్లే పాత్రలు ఐదారుకు తగ్గాయి, ఒకే సెట్‌లో కథ నడపడం వచ్చింది, మొదటి ఐదు నిమిషాల్లోనే గొడవ మొదలుపెట్టడం అలవాటైంది.

దానికి మేం కట్టిన మూల్యం కూడా ఉంది. ఓసారి ఒక పోటీలో మా నటుడికి చప్పట్లు బాగా పడ్డాయి. వాడు ఉబ్బిపోయి ప్రతి మాటకీ ఆగాడు. క్లైమాక్స్‌లో ఉండగా చివరి గంట కొట్టేశారు. నాలుగు నిమిషాలు ఎక్కువైంది. పోటీ నుంచి తీసేశారు. తిరుగు ప్రయాణంలో వ్యానులో ఎవరూ నోరెత్తలేదు, వాడు తప్ప. వాడు దారిపొడవునా చప్పట్ల గురించే చెప్పాడు.

ఇంకో నష్టం ఇంతకన్నా లోతైనది. న్యాయనిర్ణేతలు ముగ్గురూ ఏం ఇష్టపడతారో ఊహించి రాసే నాటికలు ఎక్కువయ్యాయి. వృద్ధాశ్రమం, చివర్లో ఒక ఏడుపు, ఒక ఉపన్యాసం, బ్లాక్ అవుట్. ప్రైజు వచ్చిన నాటికే మంచి నాటిక అన్నది కూడా అపోహే. పోటీ అయిపోయాక రెండోసారి ఎవరైనా పిలిచి ఆడించుకున్నారా అన్నదే నేను చూసే కొలత.

అపోహ: పద్యనాటకం వాళ్లకు రిహార్సల్ ఉండదు.

కాంట్రాక్టు నాటకాలను చూసి వచ్చిన మాట ఇది. కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుణ్ణి పిలిపిస్తాడు. ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు వస్తారు, వన్స్ మోర్‌లతో తెల్లారిపోతుంది. అక్కడ రిహార్సల్ లేని మాట నిజం. పోటీల్లో ఆడే పద్యనాటకం వేరు. అక్కడ హార్మోనియం ఆయనతో సహా అందరూ నెలల తరబడి కూర్చుంటారు.

అపోహ: నాటకం ఆడాలంటే బ్రిటిష్ కాలం నాటి చట్టం కింద ఇప్పటికీ స్క్రిప్టు చూపించాలి.

ఆ చట్టం 1876 నాటిది. ఆంగ్ల ప్రభుత్వానికి నచ్చని నాటకాన్ని ఆపడానికి తెచ్చారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా చాలా ఏళ్లు పుస్తకాల్లో ఉండి, 2018 జనవరిలో రద్దయింది. ఇప్పుడు మనకు తగిలేది మైకు. రాత్రి పది దాటితే ఆరుబయట లౌడ్‌స్పీకర్ కుదరదు. పండగలకు, ఉత్సవాలకు ప్రభుత్వం ప్రత్యేకంగా సడలింపు ఇస్తేనే అర్ధరాత్రి దాకా. మూసిన హాల్లో అయితే ఈ టెన్షన్ లేదు. తెల్లవార్లూ ఆడే నాటకాలు తగ్గడానికి జనం టీవీలకు అతుక్కోవడం ఒక్కటే కారణం కాదు, ఇదీ ఒకటి.

అపోహ: టికెట్ పెడితే జీఎస్టీ కట్టాలి.

నాటకం టికెట్ మనిషికి 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ లేదు. మన టికెట్ ఐదు వందలు దాటే రోజు వస్తే పన్ను సంతోషంగా కడతాను.

అపోహ: మనం ఔత్సాహికులం కాబట్టి రచయిత అనుమతి అక్కర్లేదు.

సగం నిజం ఉన్న అపోహలే ప్రమాదం. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో ఔత్సాహిక సమాజాలకు ఒక మినహాయింపు ఉంది. ప్రేక్షకుల దగ్గర డబ్బు తీసుకోకుండా ఆడినా, మతసంస్థ సహాయార్థం ఆడినా ఉల్లంఘన కాదు. మతసంస్థ కోసం కాకుండా టికెట్ పెట్టారా, ఆ మినహాయింపు పోయింది. రచయిత చనిపోయి అరవై ఏళ్లు దాటితే ఎవరైనా ఆడుకోవచ్చు. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన నాటకాలకు ఏ చిక్కూ లేదు.

చట్టం సంగతి అలా ఉంచండి. పోటీలకు పంపే దరఖాస్తుతో పాటు రచయిత అనుమతి పత్రం అడిగే పరిషత్తులే ఎక్కువ. ఒకసారి మేం ఫోన్లో 'సరే ఆడుకోండి' అన్న మాటను నమ్ముకుని వెళ్లాం. కాగితం లేదని నిర్వాహకులు ఆపేశారు. రచయిత గారు పెళ్లి పందిట్లో ఉన్నారు. అక్కడున్న శుభలేఖ వెనక వైపు అనుమతి రాసి, సంతకం పెట్టి, ఫొటో తీసి పంపారు. ప్రదర్శన మొదలవడానికి పది నిమిషాల ముందు అందింది. ఆ రోజు నుంచి మా సమాజంలో స్క్రిప్టు ఫైలులో మొదటి కాగితం అనుమతి పత్రమే. అది లేకుండా నేను రిహార్సల్‌కు చాప కూడా పరవనివ్వను.