చేప కిటికీలో మనం

ట్రౌట్ చేపల్ని గాలంతో పట్టేవాళ్ళు వాగు దగ్గరికి దొంగల్లా వంగి వంగి ఎందుకు వెళ్తారని ఒక పాఠకుడు అడిగారు. చేప నీళ్ళలో ఉంటుంది, మనిషి గట్టు మీద ఉంటాడు, ఇంత నాటకం అవసరమా అని ఆయన అనుమానం. ఈ ప్రశ్న చదివాక నాకు రెండు రోజులు వేరే ధ్యాస లేకుండా పోయింది. జవాబు మనమంతా బడిలో చదువుకున్నదే. కాకపోతే నీళ్ళ అడుగు నుంచి చదవాలి.

గ్లాసు నీళ్ళలో పెన్సిల్ పెట్టి, అది విరిగినట్టు కనిపిస్తోంది చూడండని మాస్టారు చెబుతారు. కాంతి ఎంత వంగుతుందో చెప్పే, 1621లో స్నెల్ అనే డచ్చి పండితుడు కనిపెట్టిన సూత్రం బోర్డు మీద రాసి, రెండు లెక్కలు చేయిస్తారు. వక్రీభవనం పాఠం అంతటితో సరి. మునిగి ఉన్న పెన్సిల్‌కి మనం ఎలా కనిపిస్తామని ఏ మాస్టారైనా అడగ్గా నేను వినలేదు. అసలు సరదా అంతా అక్కడే ఉంది.

ఈత వచ్చినవాళ్ళు ఒక పని చేయండి. నీళ్ళు నిశ్చలంగా ఉన్నప్పుడు కొలనులో మునిగి, వెల్లకిలా తిరిగి పైకి చూడండి. ఈత కళ్ళజోడు వద్దు. బల్లపరుపు గాజు అడ్డం వస్తే వంగిన కాంతి మళ్ళీ తిన్నబడి తమాషా చెడిపోతుంది. మసగ్గానే కనిపిస్తుంది, పర్వాలేదు. ఆ మసక సంగతి తర్వాత చెబుతాను. నెత్తి మీద గుండ్రటి వెలుగు కన్నం ఒకటి ఉంటుంది. ఆకాశం, చెట్లు, గట్టు మీద మనుషులు, పై లోకమంతా ఆ కన్నంలోనే. చేప కిటికీ అంటే ఇదే. దాని చుట్టూ ఉన్నది అద్దం. అందులో కొలను అడుగు తలకిందులుగా కనిపిస్తుంది.

నీటి ఉపరితలాన్ని దాదాపు రాసుకుంటూ వచ్చే కిరణం కూడా లోపలికి దిగేటప్పుడు వంగి, నిలువు గీత నుంచి 48.6 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అంతకంటే పక్కకి వెళ్ళలేదు. అందుకని 180 డిగ్రీల లోకం 97 డిగ్రీల శంకువులో ఇరుక్కుంటుంది. అంచున సన్నటి రంగుల పట్టీ కూడా ఉంటుంది. ఎరుపు వంగేది తక్కువ కాబట్టి బయటి అంచు దానిది, ఊదా లోపలికి. అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ 1906లో కెమెరాని నీళ్ళతో నింపి ఈ దృశ్యాన్ని ఫొటో తీశాడు. ఫిష్ ఐ అనే మాట కెమెరాల్లోకి వచ్చింది ఆయన వల్లే.

ఈ నొక్కుడు అంతటా ఒకేలా ఉంటే జాలరికి ఏ లాభమూ లేదు. నడినెత్తిన తక్కువ, అంచుల దగ్గర ఘోరం. దిగంతం నుంచి 10 డిగ్రీల ఎత్తు దాకా ఉన్నదంతా చేపకి 1 డిగ్రీ పట్టీలో కనిపిస్తుంది. 5 డిగ్రీల ఎత్తు దాకా ఉన్నదైతే పావు డిగ్రీలోనే. ఎత్తు సగమైతే కనిపించేది నాలుగో వంతు అయింది, గమనించారా? అంచు దగ్గర లెక్క వర్గాల్లో నడుస్తుంది.

దీన్ని మనిషికి అంటగడదాం. 170 సెంటీమీటర్ల మనిషి కిటికీ అంచుకి 5 మీటర్ల దూరంలో నిలబడితే చేపకి 3 డిగ్రీలకి పైగా ఎత్తు కనిపిస్తాడు. 10 మీటర్లకి జరిగితే 1 డిగ్రీ కూడా ఉండడు. అక్కడే మోకాళ్ళ మీద కూర్చున్నాడనుకోండి, పావు డిగ్రీ. పున్నమి చంద్రుడు మన కంటికి అర డిగ్రీ ఉంటాడు. అంటే నిండు మనిషి సగం చంద్రుడంత ఎత్తుకి తగ్గిపోయాడు. పైగా అడ్డంగా ఈ నొక్కుడు పెద్దగా లేదు. అందుకని నిలబడ్డ మనిషి కూడా ఎత్తు కంటే వెడల్పు రెట్టింపు ఉండి, తిరగలి రాళ్ళ మధ్య పడ్డట్టు కనిపిస్తాడు.

ఇంకో ఉపకారం కూడా ఉంది. అంత ఏటవాలుగా వచ్చే వెలుతురు మొత్తం నీళ్ళలోకి దిగదు. 10 డిగ్రీల ఎత్తు నుంచి వచ్చేదాంట్లో మూడో వంతు, 5 డిగ్రీల నుంచి వచ్చేదాంట్లో సగానికి పైగా, ఉపరితలం మీదే తిరిగి వెళ్ళిపోతుంది. చిన్నగా ఉన్న బొమ్మ మసకబారుతుంది కూడా. మోకాళ్ళ మీద పాకేవాడు పిచ్చివాడేం కాదు. గాలపు కర్రని నిలువుగా ఎత్తి ఊపేవాడే తన గుట్టు తాను బయటపెట్టుకుంటాడు. 3 మీటర్ల ఎత్తున ఆడే కర్ర కొన 10 మీటర్ల దూరాన కూడా 17 డిగ్రీల ఎత్తులో, చేపకి స్పష్టంగా కనిపించే చోట ఆడుతుంది. అందుకే నేర్పరులు పక్కవాటుగా, నీటికి దగ్గరగా విసురుతారు. ఇవన్నీ చూడకుండా, ఫలానావాడి హస్తవాసి మంచిది అంటాం. హస్తవాసిలో సగం మోకాళ్ళలో ఉంటుందని నా అభిప్రాయం.

ఇక ఎర సంగతి. ట్రౌట్ ఇష్టంగా తినేవాటిలో నీటి మీద తేలుతూ వచ్చే పురుగులూ ఉంటాయి. ఈకలు, దారాలు గాలానికి చుట్టి ఆ పురుగు వేషం వేస్తారు. దాన్నే ఫ్లై అంటారు. అది ఇంకా అద్దం భాగంలో ఉండగా చేపకి పురుగు కనిపించదు, దాని కాళ్ళు నీటిని నొక్కిన చోట చుక్కల్లాంటి మెరుపులు మాత్రమే కనిపిస్తాయి. కిటికీ అంచు దగ్గరవుతుంటే ముందు రెక్కలు గాల్లో వేలాడుతూ ప్రత్యక్షమవుతాయి. ఒళ్ళు ఆ తర్వాత వచ్చి వాటికి అతుక్కుంటుంది.

కిటికీ వెడల్పు చేప ఉన్న లోతుకి సుమారు 2.27 రెట్లు. చేప 60 సెంటీమీటర్ల లోతులో ఉంటే 136 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల లోతులో ఉంటే 23 మాత్రమే. నీరు సెకనుకి అర మీటరు పారుతుంటే ఆ 23 సెంటీమీటర్లు అర సెకనులోపే దాటిపోతాయి. పైపైన తిరిగే చేపకి ఫ్లై సరిగ్గా ముక్కు మీదికి రాకపోతే అది చూసే లోపే కొట్టుకుపోతుంది. లోతున్న చేపకి పై లోకం ఎక్కువ కనిపిస్తుందనుకోవడం మాత్రం తప్పు. ఏ లోతులోనైనా శంకువు అదే 97 డిగ్రీలు. అలలు లేస్తే కిటికీ ముక్కలైపోతుంది కాబట్టి, గలగలా పారే చోట మనం ఇంకా దగ్గరికి పోవచ్చు.

మాట్లాడితే చేప పారిపోతుందంటారు. గాల్లోని శబ్దశక్తిలో వెయ్యో వంతే నీళ్ళలోకి దిగుతుంది, మిగతాది తిరిగి వెళ్ళిపోతుంది. కబుర్లు చెప్పుకోండి, కానీ గట్టు మీద కాళ్ళు తాటించకండి. ఆ అదురు నేల గుండా నేరుగా నీళ్ళలోకి చేరుతుంది. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా నిలబడుతుంది, దాని వెనక కొంత మేర కళ్ళకి అందదు. కాబట్టి దిగువ నుంచి రావాలి. 10 డిగ్రీల సెల్సియస్ దగ్గర లీటరు నీళ్ళు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు, 20 దగ్గర 9.1 మాత్రమే. నీళ్ళు 20 దాటితే గాలం మూట కట్టేయడం మర్యాద. వదిలిపెట్టినా ఆ చేప తేరుకోవడం కష్టం.

చేప పడింది, వండాలి. పొలుసులు చాలా చిన్నవి, గీకక్కర్లేదు. వెన్నెముక కింద నల్లటి గీత ఉంటుంది, అది మూత్రపిండం. దాన్ని గోటితో తీసేయండి. అప్పుడే చచ్చిన చేపని పెనం మీద వేస్తే విల్లులా వంగిపోతుంది. ప్రాణం పోలేదని కొందరు జడుసుకుంటారు. కండరంలో దానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం ఇంకా మిగిలి ఉంటుంది, వేడి తగలగానే బిగుసుకుంటుంది, తోలూ ముడుచుకుంటుంది. తోలు మీద రెండు మూడు గాట్లు పెడితే చాలు.

మందం సంగతి మరవకండి. వేడి మధ్య దాకా చేరే సమయం మందానికి వర్గంగా పెరుగుతుంది. మందం రెట్టింపైతే సమయం సుమారు నాలుగు రెట్లు. మళ్ళీ వర్గమే! 40 డిగ్రీలు దాటేసరికి కండరంలోని మయోసిన్ అనే ప్రొటీన్ గడ్డకట్టడం మొదలై, గాజులా ఉన్న మాంసం పాలిపోతుంది. రొయ్యజాతి పురుగులు బాగా తిన్న చేపైతే వాటిలోని ఆస్టాజాంతిన్ అనే రంగు పదార్థం వల్ల గులాబీ రంగు మిగులుతుంది. కండరపు పొరల్ని అతికి ఉంచే కొల్లాజెన్ కొంచెమే, అదీ తక్కువ వేడికే కరుగుతుంది. అందుకే పొరలు పొరలుగా విడిపోతుంది.

ఉడికిందో లేదో తెలియాలంటే కన్ను చూడండి. ఇందాకటి మసక బాకీ ఇక్కడ తీరుతుంది. గాల్లో మన చూపుకి ఎక్కువ పని చేసేది కంటి ముందున్న పారదర్శక పొర. కాంతిని వంచడంలో దానికీ నీటికీ పెద్దగా తేడా లేదు కాబట్టి నీళ్ళలో అది పనికిరాదు, మనకి మసక. చేపకైతే భారమంతా కటకానిదే. అందుకే అది మనదిలా బిళ్ళలా కాకుండా పూర్తి గోళంలా ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ ప్రొటీన్ చిక్కబడి వక్రీభవన గుణకం, అంటే కాంతిని వంచే బలం, పెరుగుతుంది. భౌతిక శాస్త్రవేత్త మాక్స్‌వెల్ 1854లో ఇలాంటి కటకానికి లెక్క కట్టాడు. పొద్దున ఫలహారంలో వచ్చిన చేప కన్ను చూసే ఆయనకి ఆ ఊహ తట్టిందని చెప్పుకుంటారు. పెనం మీద ఆ ప్రొటీన్ కూడా గడ్డకడుతుంది. పిల్లలు ఏరుకుని ఆడుకునే గట్టి తెల్లటి పూస అదే. పొద్దుటి నుంచి మనం మోకాళ్ళ మీద పాకింది దాన్ని తప్పించుకోవడానికే. అది తెల్లబడగానే పెనం దించేయండి.