ఉత్తర తెలంగాణ మట్టిబాటల్లో ఏటీవీలకు చోటెందుకు దొరకడం లేదు?

వరంగల్ నుంచి ములుగు మీదుగా గోదావరి వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండు పక్కలా అడవిలోకి చీలిపోయే మట్టిబాటలు ఎన్నో కనిపిస్తాయి. ఇసుకలోనూ బురదలోనూ సాగేలా వెడల్పాటి టైర్లతో తయారయ్యే నాలుగు చక్రాల ఏటీవీ (ఆల్ టెరైన్ వెహికల్) సొంతంగా ఉన్నవారికి, వాటిని చూడగానే నడపాలనిపించడం సహజం. అయితే సరదా కోసం మోటారు బండి నడుపుకునే ప్రజా బాట అనే వర్గమే మన చట్టాల్లో లేదు. ఈ లోటు ఏటీవీలతో పాటు వచ్చింది కాదు. దాని మూలాలు నిజాం కాలపు అటవీ హద్దుల్లో ఉన్నాయి.

నిజాం ప్రభుత్వం అడవులను రిజర్వులుగా గుర్తించి హద్దులు వేయడంతో, తరతరాలుగా గోండులు, కోలాములు నడిచిన దారులు, పశువులను తోలుకెళ్లిన జాగలు ఒక్కసారిగా నిషిద్ధమయ్యాయి. కుమ్రం భీం పోరాటానికి, 1940లో జోడేఘాట్‌లో ఆయన మరణానికి దారితీసిన కారణాల్లో ఇది ముఖ్యమైనది. తర్వాత 1355 ఫసలీలో, అంటే 1945-46లో, హైదరాబాద్ అటవీ చట్టం వచ్చింది. 1950ల ఆరంభంలో పాకాల, ఏటూరునాగారం అడవులు, 1965లో కవ్వాల అడవి అభయారణ్యాలయ్యాయి. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం అనుమతి లేకుండా రిజర్వు అడవిలో ప్రవేశించడాన్ని నేరంగా పరిగణించింది. రాష్ట్రం విడిపోయాక కూడా తెలంగాణలో అదే చట్టం కొనసాగుతోంది. అభయారణ్యాల్లోకి బయటివారు వెళ్లాలంటే అనుమతి ఉండాలని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిర్దేశించింది. 2012లో కవ్వాల పులుల అభయారణ్యంగా మారాక అక్కడి ఆంక్షలు మరింత బిగుసుకున్నాయి.

అదే 1972లో అమెరికా ఈ సమస్యను మరో తీరుగా ఎదుర్కొంది. అంతకు రెండేళ్ల ముందే హోండా కంపెనీ అక్కడ ఏటీవీకి తొలి రూపమైన మూడు చక్రాల బండిని అమ్మకానికి తెచ్చింది. అప్పటికే మోటారు సైకిళ్లు, ఇసుక తిన్నెల మీద సరదాగా నడిపే బండ్లు ప్రభుత్వ భూములను ఛిద్రం చేస్తున్నాయి. నేలకు, నీటి వనరులకు, జంతువులకు హాని, ఇతర సందర్శకులకు ఇబ్బంది వీలైనంత తగ్గేలా చూసి, ఏ బాటలు తెరవాలో ఏవి మూయాలో తేల్చాలని అధ్యక్షుడు నిక్సన్ ఆ ఫిబ్రవరిలో ప్రభుత్వ శాఖలను ఆదేశించారు. అమలు దశాబ్దాల పాటు నత్తనడకన సాగింది. చివరకు 2005లో అక్కడి అటవీ శాఖ నియమం మార్చి, పటంలో గుర్తించిన బాటలు, ప్రాంతాలు తప్ప మిగతా చోట్ల మోటారు బండ్లను నిషేధించింది. తెరిచిన బాట ఏదో కాగితం మీద స్పష్టంగా ఉంటేనే మూసిన బాటను కాపాడటం సాధ్యమవుతుంది. ఆ అనుభవంలో మనకు పనికివచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

మన దేశంలో పొలారిస్ కంపెనీ 2011లో ఏటీవీల అమ్మకం ప్రారంభించింది. వీటిలో అత్యధికం రోడ్డు మీద నడిపేందుకు ఆమోదం పొందనివి, అంటే రిజిస్ట్రేషన్ కానివి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేని బండిని బహిరంగ స్థలంలో నడపకూడదు. ఆ చట్టం దృష్టిలో బహిరంగ స్థలమంటే తారు రోడ్డు ఒక్కటే కాదు, ప్రజలకు వెళ్లే హక్కున్న ఏ దారైనా అందులోకి వస్తుంది. కాబట్టి అడవి సరిహద్దు దాటి ఊరి పొలాల మధ్యకు వచ్చినా చిక్కు వీడదు. రెవెన్యూ పటంలో ఉన్న నక్షబాట ప్రజల దారే. సరిగ్గా ఆ కారణంగానే రిజిస్ట్రేషన్ లేని ఏటీవీ దాని మీద నడవకూడదు. పైగా ఆ బాట మీద ఎడ్లబండి, ట్రాక్టరు, వరికోత మిషన్ వెళ్లాలి. వానాకాలంలో సరదా బండ్లు చేసిన గాడులు రైతుకు నెలల తరబడి ఇబ్బందిగా మిగులుతాయి.

మిగిలిన జాగల సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కాకతీయ కాలువ గట్టు దారి నీటిపారుదల శాఖ పర్యవేక్షణ కోసం ఉన్నది. భూపాలపల్లి, రామగుండం ఓపెన్‌కాస్టుల మట్టి గుట్టలు సింగరేణి గనుల పరిధిలోవి, జారిపోయే ప్రమాదం ఉన్నవి. మేడారం జాతరకు ఒకప్పుడు ఎడ్లబండ్లు అడవిలో నుంచే సాగేవన్నది నిజమే గానీ, మొక్కు తీర్చుకునేందుకు వెళ్లే భక్తుల దారిని వినోదపు బాటకు ఆధారంగా చూపడం సరికాదు.

ఇక మిగిలింది యజమాని అనుమతితో సొంత భూమిలో నడపడం. వరంగల్, హనుమకొండ చుట్టుపక్కల అది సాధ్యమే. ఏజెన్సీ గ్రామాల్లో మాత్రం 1/70 చట్టం వల్ల గిరిజనేతరులు భూమి కొనలేరు, కౌలుకూ తీసుకోలేరు. భూమి చేజారకుండా ఆదివాసులకు అండగా నిలిచిన ఈ చట్టాన్ని ఒక క్రీడ కోసం సడలించమని అడగడం అన్యాయం. అడగదగినది వేరే ఉంది. అభయారణ్యాలకు, షెడ్యూల్డు ప్రాంతాలకు వెలుపల, సాగుకు పనికిరాని ప్రభుత్వ భూమిలో, లోతు గుంతలకు కంచె వేసిన పాత గ్రానైట్ క్వారీల ఆవరణలో ఒక హద్దు గీసి, స్థానిక గ్రామసభ సమ్మతితో, రుసుముతో నడిచే బాటను జిల్లా యంత్రాంగం ఏర్పాటు చేయాలి. ఆ రుసుములో కొంత పక్కనున్న నక్షబాట మరమ్మతుకు చేరేలా తొలి ఒప్పందంలోనే రాయించుకోవాలి.