కల్చర్ రిపోర్టులో మిల్లీమీటర్ల లెక్క

విజయవాడ సూర్యారావుపేటలో ఏ ల్యాబులో యూరిన్ కల్చర్‌కి, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకి, ఇచ్చినా మామూలుగా రెండు మూడు రోజులు ఆగమంటారు. షుగరు రిపోర్టు గంటలో చేతికొస్తుంటే దీనికెందుకింత సేపని జనం విసుక్కుంటారు. పరీక్షంతా బ్యాక్టీరియా పెరగడం మీదే ఆధారపడింది మరి: ముందు అది ఎవరో తేలడానికి ఒకసారి పెరగాలి, ఏ మందుకు లొంగుతుందో తేలడానికి ఇంకోసారి.

చాలా రిపోర్టులు ల్యాబు గడప తొక్కక ముందే చెడిపోతాయి. మొదటి ధార వదిలేసి, మధ్య ధారను ల్యాబు వాళ్లిచ్చిన స్టెరైల్ డబ్బాలో పట్టాలి. రెండు గంటల్లోపు అందించాలి, కుదరకపోతే 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో పెట్టాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు డబ్బాను స్కూటర్ డిక్కీలో వదిలేస్తే ఏమవుతుంది? చర్మం మీది నుంచి జారిన బ్యాక్టీరియా మిల్లీలీటరుకు 2,000 ఉన్నా, అరగంటకోసారి రెట్టింపయితే మూడు గంటల్లో 1,28,000 అవుతుంది. లక్ష దాటితే ఇన్ఫెక్షన్ కిందే లెక్క కట్టడం ఆనవాయితీ. అంటే లేని జబ్బుకు మందు. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు రెండు వేసుకుని శాంపిల్ ఇస్తే, జబ్బు ఉండగానే 'నో గ్రోత్' అని రావచ్చు. కాబట్టి ముందు శాంపిల్, తర్వాతే మాత్ర. ఒళ్లు కాలిపోయే జ్వరంలోనూ ఇదే వరస. కాకపోతే అప్పుడు శాంపిల్ తీయగానే మందు మొదలుపెడతారు, రిపోర్టు కోసం ఆగరు.

మొదటి రోజు పెరిగింది ఇ. కోలై అనుకుందాం, మూత్రం ఇన్ఫెక్షన్లలో ఎక్కువసార్లు దొరికేది అదే. దాన్ని సెలైన్‌లో నిర్ణీత మసక వచ్చేదాకా కలిపి, 4 మిల్లీమీటర్ల మందమున్న ముల్లర్ హింటన్ అగార్ (బ్యాక్టీరియా పెంచే జెల్లీ) మీద దూదిపుల్లతో అంతటా పూస్తారు. పైన మందు ఇంకిన కాగితపు డిస్కులు పెడతారు, పంచింగ్ మిషన్ కోసిన చుక్కంత, 6 మిల్లీమీటర్లు. 35 డిగ్రీల దగ్గర 16 నుంచి 18 గంటలు ఉంచుతారు. డిస్కు నుంచి మందు అగార్‌లోకి పాకుతుంది, దూరం పెరిగేకొద్దీ పలచబడుతుంది. బ్యాక్టీరియా పెరగలేని మేర గుండ్రంగా ఖాళీగా మిగులుతుంది.

ఆ ఖాళీలో ఒక్కో మందు చేసే పని వేరు. సెఫ్ట్రియాక్సోన్ బ్యాక్టీరియా గోడ కట్టుకోకుండా అడ్డుకుంటుంది. మన కణాలకు గోడే లేదు కనుక ఆ దెబ్బ మనకు తగలదు. అమికాసిన్ బ్యాక్టీరియా ప్రోటీన్లు తయారు చేసుకునే రైబోజోమును పట్టుకుంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్ డీఎన్ఏ మెలికలు విప్పే ఎంజైమును ఆపుతుంది. కోట్రిమాక్సజోల్ ఫోలిక్ ఆమ్లం తయారీని దెబ్బకొడుతుంది. ఇ. కోలై దాన్ని తానే తయారు చేసుకోవాలి, మనకు పప్పూ తోటకూరల్లోనే దొరుకుతుంది.

ఇక అందరూ పొరబడే చోటు. ఏ మందు చుట్టూ ఖాళీ పెద్దదైతే అదే గట్టి మందు అనుకుంటారు. అగార్‌లో అన్ని మందులూ ఒకే వేగంతో పాకవు, డిస్కుల మోతాదులూ ఒకటి కావు, కనుక దేని కొలత దానిదే. ఇ. కోలైకి నైట్రోఫ్యురాంటోయిన్ 17 మిల్లీమీటర్లు చూపితే 'ఎస్', అంటే పనిచేస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ 20 చూపినా 'ఆర్', లొంగదు. దానికి 'ఎస్' రావాలంటే కనీసం 26 ఉండాలి.

'ఈఎస్‌బీఎల్ పాజిటివ్' అన్న మాట కనబడితే ఆగి చూడాలి. సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి మందుల్ని కత్తిరించి పారేసే ఎంజైము ఆ బ్యాక్టీరియా దగ్గర ఉందన్నమాట. అదే కోవ మందైన సెఫ్టాజిడిమ్ డిస్కు ఒకటి, క్లావులనిక్ ఆమ్లం కలిపిన అదే డిస్కు ఇంకొకటి పెడతారు. కలిపినదాని ఖాళీ 5 మిల్లీమీటర్లో అంతకు మించో పెద్దదైతే ఎంజైము దొరికిపోయినట్టే, క్లావులనిక్ దాని చేతులు కట్టేసింది కనుక.

'ఎస్' ఉన్న మాత్రను కాదని డాక్టరు ఇంజెక్షన్ రాస్తే అనుమానపడేవాళ్లున్నారు. నైట్రోఫ్యురాంటోయిన్ మూత్రంలో చేరినంత చిక్కగా రక్తంలో, కిడ్నీ కండలో చేరదు. మూత్రసంచిలో మంటకు అది బాగా పనికొస్తుంది. చలిజ్వరం, నడుముకు ఒక పక్క నొప్పి ఉంటే జబ్బు కిడ్నీకి ఎక్కి ఉండొచ్చు. అక్కడ ఆ మాత్ర చాలదు, రిపోర్టులో ఎదురుగా 'ఎస్' అని ఉన్నా సరే.