కడిగిన ఆవకాయ ముక్కా, ఆగని వేవిళ్ళూ

“అక్కకు మూడో నెల. మంచినీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదు. వాళ్ళ అత్తగారేమో ‘మేము కనలేదా పిల్లల్ని, ఇంత గొడవ చేశామా’ అంటున్నారు. ఇది నిజంగా ఓర్పు లేకపోవడమేనా?” అని ఒక పాఠకురాలు అడిగారు.

కాదమ్మా. ఓర్పుకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. మామూలు వేవిళ్ళు గర్భిణుల్లో నూటికి డెబ్బై మందికి వస్తాయి. మీ అక్కకు వచ్చింది నూటికి ముగ్గురికి మించి రాని జబ్బు. దీన్ని హైపరెమెసిస్ గ్రావిడారమ్ అంటారు.

దీని వెనుక జీడీఎఫ్15 అనే హార్మోన్ ఉంది. ఒంట్లో కణాలు కష్టంలో పడితే దీన్ని విడుదల చేస్తాయి. కనుక ఇది ఆడా మగా అందరి రక్తంలోనూ కొద్దో గొప్పో ఉంటుంది. దీన్ని అందుకునే గ్రాహకం మెదడు కాండం వెనుక భాగంలో ఉందని 2017లో తేలింది. మెదడుకు రక్తం నుంచి ఉండే రక్షణ కవచం అక్కడ పలచన. రక్తంలో విషం కలిస్తే పసిగట్టి వాంతి చేయించడం ఆ చోటు పని. గర్భం రాగానే ఈ హార్మోన్ రక్తంలో అమాంతం పెరుగుతుంది. మరి అందరికీ పెరిగేదే అయితే కొందరే ఎందుకు మంచాన పడతారు?

మన ఇళ్ళలో పసివాళ్ళకు మొదటిసారి ఆవకాయ ఎలా పెడతామో గుర్తు చేసుకోండి. ముక్కను నీళ్ళలో కడిగి, నెయ్యి దండిగా వేసి కలిపి పెడతాం. ఆ తర్వాత కడగడం మానేస్తాం. పదేళ్ళు వచ్చేసరికి ఎర్రగా కలిపిన ముద్దను పిల్లవాడు హాయిగా తింటాడు. కారమే ఎరుగని వాడికి అదే జాడీలోంచి అదే ముద్ద పెడితే కళ్ళనీళ్ళు, ఎక్కిళ్ళు. అతనిది పిరికితనమని ఎవరైనా అంటారా?

గర్భానికి ముందు రక్తంలో ఉండే జీడీఎఫ్15 రోజూ తినే కారం లాంటిది. మావి నుంచి వచ్చేది జాడీడు ఆవకాయ. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్తహీనత ఉన్న స్త్రీల రక్తంలో ఈ హార్మోన్ ఏళ్ళ తరబడి ఎక్కువగానే ఉంటుంది. గర్భం వచ్చినప్పుడు వాళ్ళకు వికారం దాదాపు ఉండదు. ఎలుకలకు ముందు కొద్దిగా అలవాటు చేసి తర్వాత పెద్ద మోతాదు ఇస్తే, అవి తిండి అంతగా మానలేదు. మార్లీనా ఫెజో, స్టీఫెన్ ఓరాహిలీ అనే శాస్త్రవేత్తల బృందాలు 2023 డిసెంబరులో ఇవన్నీ ప్రకటించాయి. ఫెజో 1999లో ఇదే జబ్బుతో కడుపులోని బిడ్డను పోగొట్టుకున్న తల్లి.

ఇంకాస్త లోతుకు వెళ్దాం. ఈ హార్మోన్ ఒక ప్రొటీన్, అంటే అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కల గొలుసు. దాని రెండు అణువులు జతకడితేనే కణం దాటి బయటికి వస్తుంది. కొద్దిమంది స్త్రీలలో ఆ గొలుసులోని 211వ స్థానంలో సిస్టీన్‌కు బదులు గ్లైసిన్ ఉంటుంది. ఆ లోపమున్న అణువు తాను బయటికి రాదు, జతకట్టిన మంచి అణువునూ రానివ్వదు. అంటే వీళ్ళు కారం తెలియకుండానే పెరిగారు. వీళ్ళకు ఈ జబ్బు ముప్పు పది రెట్లు. ఇక 202వ స్థానంలో తల్లిది ఒక రకం, బిడ్డది మరో రకం అయినప్పుడు తల్లి రక్తంలో ఏది ఎంత ఉందో కొలిచారు. దాదాపు అంతా బిడ్డదే!

వాంతులు ఎక్కువైతే ఆడపిల్లేనని పెద్దవాళ్ళంటారు. లెక్కల్లో ఆ వైపు కొద్దిపాటి మొగ్గు ఉన్న మాట నిజమే కానీ, జోస్యానికి అది చాలదు. బిడ్డ వద్దని మనసులో ఉండడం వల్లే వాంతులని వైద్యులే నమ్మిన కాలం ఉంది. వాంతి గిన్నె పక్కన కూర్చున్న మనిషి మీద ఆ నింద కూడా వేశారంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఇప్పుడు మీ అక్క సంగతి. గర్భానికి ముందున్న బరువులో 5 శాతం తగ్గితే, అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గితే, ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. మూత్రం ముదురు రంగుకు మారినా, రోజంతా నీళ్ళు నిలవకపోయినా అంతే. డాక్సిలమిన్, పిరిడాక్సిన్ కలిసిన మాత్రలు, వాటికి తగ్గకపోతే వేరే మందులు డాక్టర్లు ఇస్తారు.

నీరసమనగానే గ్లూకోజ్ బాటిల్ ఎక్కించడం మనకు అలవాటు. గ్లూకోజ్‌ను శక్తిగా మార్చడానికి థయమిన్, అంటే విటమిన్ బి1, కావాలి. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించదు. వారాల తరబడి వాంతులైన మనిషికి ముందుగా గ్లూకోజే ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. చూపు చెదరడం, నడక తూలడం, మనసు తికమకపడడం దాని గుర్తులు. బాటిల్ తగిలించే ముందు “థయమిన్ ఇచ్చారా?” అని అడగండి.