బోదె మీద ఆర్చి

మొన్నటి వానకు ఊరి చివరి వీధిలో మళ్లీ మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. దాంతో చల్లబడిందనుకున్న ఇళ్ల ప్లాట్ల వెంచర్ గొడవ మళ్లీ రాజుకుంది. కోనసీమలోని ఈ చిన్న పట్టణం అంచున వరిచేలను బొండు ఇసుకతో మెరక చేసి, సిమెంటు రోడ్లు వేసి, ముందు పెద్ద ఆర్చి కట్టారు. దాని వెనక వీధిలో ఉండే రిటైర్డ్ మాస్టారు మొదటి రోజు నుంచీ అభ్యంతరం చెబుతూనే ఉన్నారు. ఇన్నాళ్లూ అర్జీ మీద ఆయన సంతకం ఒక్కటే ఉండేది. ఈసారి వీధంతా సంతకాలు పెట్టింది.

దీనికి కాటన్ దొర ఆనకట్ట దగ్గర్నుంచి ఎత్తుకోనక్కర్లేదు. రాష్ట్రం విడిపోయాక సెంట్ల లెక్క పోయి గజాల లెక్క వచ్చిన సంగతీ అందరికీ తెలిసిందే. నా లెక్కన ఈ కథ మలుపు తిరిగింది 2011 సార్వాలో, అంటే ఖరీఫ్ పంట కాలంలో.

ఆ ఏడాది కోనసీమ రైతులు నాట్లు వేయలేదు. దాదాపు లక్ష ఎకరాలు బీడు పెట్టి క్రాప్ హాలిడే అన్నారు. నీళ్లకు కొదవలేని డెల్టాలో పంట మానేయడమేమిటని ఢిల్లీ దాకా ఆశ్చర్యపోయారు. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా నాయకత్వంలో కమిటీ వేసింది. క్వింటాలుకు 1,080 రూపాయల మద్దతు ధర గిట్టుబాటు కాదని, ఆ ధరైనా చేతికి రావడం లేదని, కూలీలు దొరకడం లేదని రైతులు చెప్పారు. పత్రికలు ఎక్కువగా రాసింది ధర గురించే. రైతులు అంతే గట్టిగా చెప్పిన మాట ఇంకొకటుంది: మురుగు దిగడం లేదు. గుర్రపుడెక్క పట్టి, పూడుకుపోయి డ్రెయిన్లు పనిచేయక, ఒక్క పెద్ద వాన పడితే నారుమళ్లు కుళ్లిపోయేవి. ఆ ఏడాది బీడు పెట్టిన వాళ్లలో కొందరు తర్వాత మళ్లీ దుక్కి దున్నలేదు. పట్టణానికి ఆనుకుని ఉన్న చేలు ముందు చేతులు మారాయి. ఇప్పటి వెంచర్ స్థలం అందులోదే.

చేను అమ్ముడుపోయింది సరే, దాని గట్టున పారే బోదె, అదే చేలకు నీళ్లు తెచ్చే పిల్లకాలువ, ఏమైంది? డెల్టాలో కాలువ ఎత్తు మీద నడుస్తుంది, మురుగు పల్లంలో పోతుంది. మధ్యలో బోదెలు. ఈ బోదె పేరుకు సాగునీటిదే కానీ, వానాకాలంలో మాస్టారి వీధి నీళ్లన్నీ దాంట్లోంచే డ్రెయిన్లోకి దిగేవి. ఆ సంగతి ఏ రిజిస్టర్లోనూ ఉండదు. వేసవిలో కాలువలు కట్టేశాక రైతులే పార పట్టి పూడిక తీసుకునేవాళ్లు. 1997లో నీటి సంఘాల చట్టం వచ్చాక ఆ పని సంఘం చేతికి వెళ్లింది. అందులో ఓటు ఆయకట్టు రైతుకే. చేలు ప్లాట్లయ్యేసరికి ఆయకట్టు లేదు, ఓటరు లేడు, బోదెను అడిగేవాడూ లేడు. ఇంట్లోకి నీళ్లొచ్చే మాస్టారికి ఆ సంఘంలో చోటే లేదు.

వెంచర్ వాళ్ల వాదన చిన్నది, కాగితాల వరకూ గట్టిదే. 2006 నాటి భూ మార్పిడి చట్టం కింద ఆర్డీవో అనుమతి ఉంది, లేఅవుట్ మంజూరైంది, స్థిరాస్తి నియంత్రణ సంస్థ రెరా ఇచ్చిన నంబరుంది, పదో వంతు ఖాళీ స్థలం వదిలారు. పారుదల లేని బోదెను బోదె అనడమేమిటని వాళ్ల ప్రశ్న.

మాస్టారు ఇళ్లు వద్దనడం లేదు. ఆయన కొడుకే వేరే ఊళ్లో ఇలాంటి వెంచర్లో ప్లాటు కొన్నాడని నవ్వుతూ ఆయనే చెబుతారు. ఆయన అడిగేది మట్టం గురించి. రోడ్డు తన అరుగు కంటే ఎత్తున లేచింది. అటు పోవాల్సిన నీళ్లు ఇటు తిరిగాయి. సైడు డ్రెయిన్ వేశారు కదా అంటే, అది ఎక్కడ కలుస్తుందో చూపించమంటారు. నేనూ వెళ్లి చూశాను. వెంచర్ వెనక గోడ దగ్గర ఆగిపోయింది. పార్కుకు వదిలిన పదో వంతు స్థలం ఒక్కటే మెరక చేయలేదు. ఇప్పుడక్కడ తూడు మొలిచి, కొంగలు వాలుతున్నాయి.

భూమి మార్పిడికి కాగితం అడిగినవాళ్లు ఆ భూమి గురించే అడిగారు. పక్కవాడి నీళ్లు ఎటు పోతాయని అడిగే గడి ఆ దరఖాస్తులో ఉన్నట్టు లేదు.

అర్జీతో పాటు మాస్టారు పాత గ్రామ పటం నకలు జత చేశారు. అందులో బోదె రెండు సన్నటి గీతలుగా, పుంత (పాత బండ్ల బాట) పక్కనే, నేరుగా డ్రెయిన్ దాకా ఉంది. వచ్చే వారం సర్వేయర్ వచ్చి హద్దులు చూస్తారని చెప్పారు. ఆ గీతలు పుంతను దాటే చోట ఇప్పుడు ఆర్చి కుడి స్తంభం ఉంది.